పాడేరు క్యాంపులో ఎర్రనీళ్ల బేసిను

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి మాడుగులలో బయల్దేరాం. సాయంత్రం అయిదున్నరకి పాడేరు చేరాం. ఆషాఢమాసం. ఘాటీ పొడుగునా వాన. పదకొండు మందిమి, ఆరు ఎడ్లు, రెండు డోలీలు. నా వీపున గాయాలకి కట్టే గుడ్డల మూట, దుప్పటి, అన్నం గిన్నె, నీళ్ల సీసా. తుపాకీ లేదు. నేను ఆస్పత్రి సిపాయిని. గాయాలు కడిగి కట్టు కట్టడం నా పని. ఈ మాట చెబితే ఊళ్లో కొందరు పెదవి విరుస్తారు. విరుచుకోనివ్వండి.

కొండల్లో పితూరీ నడుస్తున్న రోజులవి. మేం సర్కారు జీతగాళ్లం. కొండవాళ్లు వాళ్ల అడవి కోసం తిరగబడ్డవాళ్లు. నేను చెప్పేది మాత్రం ఆ పోరు సంగతి కాదు. నా పోరు ఆస్పత్రి గుమ్మంలో జరిగింది.

ఆస్పత్రి అంటే గడ్డి కప్పిన పొడుగాటి పాక. తడికల గోడలు. పద్నాలుగు మంచాలు. గుమ్మం పక్కన ముక్కాలి స్టాండు మీద ఎనామిలు బేసిను, అందులో పర్మాంగనేటు అనే ఎర్రమందు కలిపిన నీళ్లు. మేకుకి ఒక తువ్వాలు. హవల్దారు మొదటి రోజే ఆర్డరు చెప్పాడు. లోపలికి వచ్చే ప్రతివాడూ బేసినులో చేతులు ముంచాలి, తువ్వాలుతో తుడుచుకోవాలి. నీళ్లు పొద్దున్న ఆరింటికి ఒక్కసారే మారుస్తారు. మందు కూలీల నెత్తి మీద ఘాటీ ఎక్కి రావాలి కాబట్టి పొదుపు.

మా క్యాంపులో బావి దగ్గర కులానికో చేద. వంటకి మూడు పొయ్యిలు. ఆ బేసినులో మాత్రం అందరం చేతులు పెట్టేవాళ్లం. డాక్టరు గారు, కాంపౌండరు, కట్లు కట్టడం నేర్చుకోడానికొచ్చిన ముగ్గురు ట్రైనీలు, నేను, దొడ్లు కడిగే మనిషి. అది మందు కాబట్టి దానికి మైల అంటదని హవల్దారు చెప్పేవాడు. అందరం అదే నమ్మాం. మధ్యాహ్నానికి ఆ ఎర్రనీళ్లు గోధుమరంగుకి తిరిగేవి. మందు బాగా ఊరిందని ట్రైనీలు సంతోషపడేవాళ్లు. నిజానికి మందు చచ్చిపోతే వచ్చే రంగు అది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

గాయాలు శుభ్రంగా వచ్చేవి. నాలుగో రోజుకి చీము పట్టేవి. మా వంటవాడికి కూర తరుగుతుంటే వేలు తెగింది. చిన్న గాటు. నేనే కట్టు కట్టాను. తొమ్మిదో రోజు పోయాడు. డాక్టరు గారు కొండగాలి మంచిది కాదన్నారు. నేనూ కొండగాలినే తిట్టుకున్నాను.

తర్వాత సిగ్నలరు వచ్చాడు. ఎండలో అద్దం తిప్పి ఈ కొండ మీంచి ఆ కొండకి కబుర్లు పంపేవాడు. వాడిదీ నాదీ విజయనగరం దగ్గర పక్కపక్క ఊళ్లు. రాయి జారి పడితే ఎడమ మోకాలి కింద జానెడు చీలింది. డాక్టరు గారు కుట్టారు. చక్కగానే కుట్టారు. మూడో రోజు జ్వరం వచ్చింది. నాలుగో రోజు బుధవారం, కాలు వాచి కుట్ల దగ్గర చీము కనిపించింది. సోమవారం పొద్దున్న ఏడింటి దాకా చూస్తాననీ, తగ్గకపోతే కాలు తీసేస్తాననీ చెప్పి డాక్టరు గారు వెళ్లిపోయారు. సిగ్నలరు నా చొక్కా పట్టుకున్నాడు. కాలు లేకుండా ఇంటికి పోలేననీ, అంతకంటే ఘాటీలో పారెయ్యమనీ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ మధ్యాహ్నమే కట్టెలు తెచ్చే ముసలామె మోపుతో లోపలికి రాబోయింది. కొండ మనిషి. వాళ్ల ఊళ్లో పురుళ్లు పోసేది ఆమే. చేతులు ముంచి రమ్మని హవల్దారు అడ్డం నిలబడ్డాడు. ఆమె మోపు దించి బేసినులోకి వంగి చూసింది.

"ఇంతమంది సేతులు కడిగిన నీళ్లల్లో నా సేతులెట్టను బావూ. కడుక్కోడమేటి ఇది, పులుముకోడం గానీ."

హవల్దారు బయటికి గెంటేశాడు. ట్రైనీలు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బేసినులోకి చూశాను. అడుగున చీము అంటిన కట్టు పీలిక. పైన నూనె తెట్టు. ఒక తెల్ల వెంట్రుక. వంటవాడి వేలు గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున్న ఎవరి పుండో కడిగి, ఇలాంటి నీళ్లలోనే ముంచిన చేతులతో ఆ వేలికి కట్టు కట్టాను. వాణ్ణి చంపింది కొండగాలి కాదు.

ఆమె వెనకే పరిగెత్తాను. మైలున్నర. వాళ్ల ఇంటి ముందు నిలబడి తప్పయిందన్నాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల ఇంట్లో నీళ్లకుండలో ఎవరూ చెయ్యి పెట్టరు. ఎండిన ఆనపబుర్రతో తోడి చేతుల మీద పోస్తారు. పోసిన నీళ్లు నేలపాలు. పురుడు పోసే ముందు ఆమె కాచిన నీళ్లు పోయించుకుంటుంది. మోచేతుల దాకా బూడిదతో రుద్దుకుంటుంది. గుడ్డకి తుడుచుకోదు. అంత తంతు ఎందుకని అడిగాను.

"పురిటాలు సచ్చిపోతే ఊరు నన్నడుగుతాది, నీళ్లనడగదు" అంది.

ఒక బుర్ర ఇమ్మన్నాను. ఇచ్చింది. మర్నాడు తనూ వచ్చింది.

గురువారం ఆరింటికి సిగ్నలరు మంచం పక్కన కాచిన నీళ్ల కుండ, బుర్ర, సబ్బు పెట్టాం. ముసలామె బుర్రతో నీళ్లు పోస్తే నేను మోచేతుల దాకా కడుక్కుని రెండు కుట్లు విప్పాను. చీము తీసి ఉప్పునీళ్లతో కడిగాను. అప్పుడే డాక్టరు గారు బేసినులో చేతులు ముంచి, తుడుచుకుని వచ్చారు. పోసిన నీళ్లతో కడుక్కోనివాళ్లు ఈ కాలు ముట్టడానికి లేదన్నాను. ఆయన ముసలామె కేసి చూశారు.

"కొండదాని చేత నీళ్లు పోయించుకుని నేను చేతులు కడుక్కోవాలా?"

"దొడ్లు కడిగే ఆయనా మీరూ రోజూ ఒకే బేసినులో కడుక్కుంటున్నారు సార్."

"ఆర్డరు ఇస్తున్నాను. తప్పుకో."

"తప్పుకోను సార్."

"వీడు చస్తే ఆ చావు నీ పేరన రాస్తాను."

"రాయండి. వంటవాడిది కూడా నా పేరనే రాయండి."

ఆయన కాలు ముట్టకుండానే వెళ్లిపోయి నాకు ఏడు రోజుల శిక్ష వేశారు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఇసక నింపిన మూట వీపున వేసుకుని వానలో కవాతు. ముసలామెని తరమమని డాక్టరు గారు విడిగా చెప్పలేదు. కాబట్టి హవల్దారు చూడనట్టు ఊరుకున్నాడు. ఆ మేలు హవల్దారుదే.

నేను కవాతులో ఉంటే కాలికి సిగ్నలరే కాపలా కాశాడు. పక్కలో చేతికర్ర పెట్టుకున్నాడు. నీళ్లు కారని చెయ్యి దగ్గరికొస్తే కర్ర లేచేది. కాంపౌండరు వేళ్ల మీద ఒకటి పడింది. శుక్రవారం ఒక ట్రైనీ ముసలామె ముందు చేతులు పట్టాడు. శనివారానికి ముగ్గురూ పట్టారు. ఆ సాయంత్రం నేను కవాతు ముగించి, ఆత్రంగా నేరుగా వెళ్లి కట్టు విప్పబోయాను. సిగ్నలరు కర్ర నా మణికట్టు మీద పడింది.

"నీకేటి, దేవుడు వేరే సేతులిచ్చాడేటి? బేగి పోయి కడుక్కు రా."

మణికట్టు వాచింది. అంత సంతోషంగా ఎవరి ఆర్డరూ ఎప్పుడూ వినలేదు.

ఆదివారం జ్వరం దిగింది. సోమవారం ఏడింటికి డాక్టరు గారు వచ్చారు. వెనక ట్రైనీ చేతిలో రంపం పెట్టె. కాలు చూడాలంటే కట్టు విప్పాలి. సిగ్నలరు కర్ర తీసుకున్నాడు. జ్వరానికి నీరసపడి ఉన్నాడు. అయినా దించలేదు. డాక్టరు గారు చొక్కా చేతులు పైకి మడిచారు. కడుక్కుని వచ్చి కట్టు విప్పి చూశారు. వాపు సగానికి సగం తీసింది. చీము లేదు. పెట్టె లోపల పెట్టెయ్యమని ట్రైనీకి చెప్పారు. నా శిక్షలో మిగిలిన మూడు రోజులు మాత్రం రద్దు చెయ్యలేదు. ఆ కవాతూ చేశాను.

కార్తీకంలో కొండ దిగాం. సిగ్నలరుకి డోలీ ఇస్తామంటే తిట్టాడు. కుంటుకుంటూ తన రెండు కాళ్ల మీదే మాడుగుల దాకా నడిచాడు. నేను పట్నం ఆస్పత్రిలో వార్డు పనికి కుదిరాను. అక్కడా గుమ్మంలో బేసినే. మొదటి రోజే ఎత్తి వీధిలో పారబోశాను. నాలుగుసార్లు పెట్టారు, నాలుగుసార్లూ పారబోశాను. పెద్ద నర్సమ్మ నన్ను పిచ్చి సిపాయి అనేది. ఇవాళ వార్డులో నేర్చుకుంటున్న మీరూ అనుకోండి. పోసిన నీళ్లతో కడుక్కుని మరీ అనుకోండి.

ఎంతమందిని కాల్చావని ఊళ్లో అడుగుతారు. ఒక్కణ్ణీ కాల్చలేదు. కళ్లు మూసుకుంటే నాకు కనబడేది ఆ సోమవారమే. డాక్టరు గారు మోచేతుల దాకా తడిసి, చేతులు చాపి నిలబడ్డారు. చాలనుకుని వెనక్కి తీసుకోబోయారు. ముసలామె బుర్ర దించలేదు.

"గోళ్ల కింద మురికి పోనేదు బావూ. మల్లీ రుద్దు."

పాకలో పద్నాలుగు మంచాల వాళ్లూ చూస్తున్నారు. డాక్టరు గారు తల వంచుకుని మళ్లీ రుద్దారు.