రైలు గేటు మీది తీగలు దించిన రోజు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. హోదా పాతదే, విద్యుత్ శాఖలో అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు, అంటే ఏడీఈ. నా పైన డివిజనల్ ఇంజనీరు ఉంటారు, నా కింద సెక్షన్‌కొక అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ, వాళ్ళ కింద లైన్‌మన్లు. చేరిన వారంలోనే డీఈ గారు ఒక పని నాకు అప్పగించారు. పట్టణంలో ఒక రైలు గేటు మీదుగా వంతెన రాబోతోంది. కట్టడం మొదలుకాకముందే ఆ జాగాలో ఉన్న కరెంటు లైన్లన్నీ తొలగించి ఇవ్వాలి.

వంతెన పని పిల్లర్లు లేచినప్పుడు మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అంతకు ముందు నెలల తరబడి సాగే పని ఎవరికీ కనబడదు. మట్టి పరీక్షలు చేస్తారు, నీళ్ళ పైపులను, టెలిఫోన్ కేబుళ్ళను, మురుగు కాలువలను పక్కకు జరుపుతారు. ఆఖరున మిగిలేది తలపైన తీగలు. పునాదికి గుంతలు తీసే రిగ్గు తాటిచెట్టంత ఎత్తుంటుంది. పైన తీగలున్నంత కాలం దాన్ని ఆ జాగాలోకి రానివ్వకూడదు.

మేము పట్టాల కిందుగా పైపు తోయించి, అందులో కేబుల్ వేయించాం. మే నెల చివరికి మిగిలినవి పట్టాల మీదుగా వెళ్ళే పదకొండు వేల వోల్టుల తీగలు మూడే. వాటిని దించాలంటే రైళ్ళు ఆగాలి. అలా రైళ్ళను ఆపి, కొంతసేపు పట్టాలను మనకు అప్పగించడాన్ని రైల్వేవాళ్ళు బ్లాక్ అంటారు. అది అడగ్గానే దొరికేది కాదు. ఎన్నో ఉత్తరాల తరువాత మాకు ఒక రోజు పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా దొరికింది.

పైకెక్కి తీగలు విప్పవలసిన మనిషి జలీల్. యాభై దాటిన లైన్‌మన్. ఆఫీసులో పెద్దా చిన్నా అందరూ జలీల్ భాయ్ అనేవారు. అది రంజాన్ నెల, ఆయన రోజా ఉన్నారు. ఆ ఎండలో మంచినీళ్ళయినా తాగకుండా స్తంభమెక్కడం ఎందుకు, మరొకరిని పంపుతానని ముందు రోజే చెప్పి చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మూడు తీగలు లాగింది తానేననీ, దించేదీ తానేననీ జవాబిచ్చారు. అంతకు మించి నేను పట్టుబట్టలేదు.

లైను మీద పని చేయడానికి మా శాఖలో ఒక పద్ధతి ఉంది. ముందు సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపి, ఆపరేటర్ దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. ఎవరి పేరు మీద తీసుకున్నారో వాళ్ళు తిరిగి అప్పగించేదాకా సబ్‌స్టేషన్‌లో ఎవరూ స్విచ్ వేయకూడదు. తరువాత, పని చేసే స్తంభానికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాలి. ఒక్కో సెట్టులో మూడు క్లాంపులుంటాయి, తీగకొకటి. క్లాంపులు మూడూ ఒకదానికొకటి కలిసి భూమిలోకి దిగుతాయి. పొరపాటున ఎటునుంచైనా కరెంటు వస్తే అక్కడికక్కడే భూమిలోకి పోతుంది, మనిషి దాకా రాదు.

ఆ రోజు పది గంటలకు రైల్వే ఇంజనీరు ఎర్ర జెండా పాతించి, పని మొదలుపెట్టమన్నారు. లైన్ క్లియర్ మా ఏఈ శ్రీనివాస్ పేరు మీద ఉంది. సబ్‌స్టేషన్ వైపు రాడ్లు తగిలించారు. బజారు వైపు సెట్టు తీసి చూస్తే ఒక క్లాంపుకు మర విరిగి ఉంది. తీగను పట్టుకోవడం లేదు.

శ్రీనివాస్ గడియారం చూసుకున్నాడు. జలీల్ అప్పటికే నడుముకు బెల్టు కట్టుకుని ఉన్నారు.

"రెండు మంచిగనే ఉన్నయి మేడం. మూడోదానికి జీఐ తీగె చుడ్త. గిట్ల మస్తుసార్లు చేసినం," అన్నారాయన.

"ఈసారి వద్దు జలీల్ భాయ్. వేరే సెట్టు తెప్పిస్తున్న. వచ్చినంకనే ఎక్కుండ్రి," అన్నాను.

సబ్‌స్టేషన్‌కు జీపు పంపాను. అది పోయి వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా అక్కడ నిలబడడం తేలిక కాలేదు. కాంట్రాక్టరు మనిషి ఫోనులో ఎవరికో వినబడేలా నా గురించి చెప్పుకున్నాడు. రైల్వే ఇంజనీరు మర్యాదగానే, బ్లాక్ పొడిగించడం తన చేతిలో లేదన్నారు. జలీల్ గేటు గది నీడలో కూర్చుని నా వైపు చూడలేదు. అన్నేళ్ళ అనుభవమున్న మనిషిని అందరి ముందూ ఆపినందుకు ఆయనకు కష్టం కలిగిందని నాకు తెలుసు.

కొత్త సెట్టు వచ్చింది. మూడు క్లాంపులూ బిగించారు. జలీల్ ఎక్కారు.

పని చక్కగా సాగింది. మొదటి తీగ దిగింది, పట్టాల మీది మనుషులు దాన్ని చుట్టేశారు. రెండోదీ దిగింది. పన్నెండు దాటిన కాసేపటికి జలీల్ మూడో తీగ మీద చేయి వేశారు. అప్పుడు బజారు వైపు రాడ్ల దగ్గర పెద్ద చప్పుడైంది. నీలపు మంట లేచి ఆరిపోయింది. అదే సమయంలో ఎక్కడో కొంత దూరాన ఒక ఇంజను గట్టిగా మూలిగి ఆగిపోయినట్టు వినబడింది.

పైకి చూశాను. జలీల్ వెనక్కి తూలి బెల్టుకు వేలాడుతున్నారు. ఆయన నెమ్మదిగా స్తంభాన్ని కావలించుకున్నారు.

"తీగె ముట్టకుండ్రి జలీల్ భాయ్, అట్లనే ఉండుండ్రి," అని అరిచాను.

పైనుంచి మాట వచ్చింది. "ఉన్న మేడం. మంచిగనే ఉన్న."

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే, స్విచ్‌కు వేసిన తాళం వేసినట్టే ఉందన్నారు. అయితే కరెంటు ఇక్కడి నుంచే వచ్చి ఉండాలి. శ్రీనివాస్‌ను తీసుకుని, ఇంజను ఆగిన చప్పుడు వినబడిన వైపు నడిచాను. గేటుకు అటు సందులో ఒక ఫంక్షన్ హాలు, లోపల పెళ్ళి. హాలుకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని స్విచ్ తుప్పుపట్టి కదలనందున, హాలు మెయిన్ స్విచ్ ఆపి ఉంచమనీ, పన్నెండింటికల్లా సరఫరా ఇస్తామనీ మావాళ్ళు పొద్దున్నే చెప్పి వచ్చారు. వాళ్ళు ఆపి ఉంచారు కూడా. పన్నెండు దాటినా కరెంటు రాకపోయేసరికి టెంటు సామాను వాళ్ళ జనరేటర్ తెచ్చారు. జనరేటర్‌కూ లైనుకూ మధ్య ఉండవలసిన మార్పు స్విచ్ కాలిపోయి చాలా రోజులైంది. టెంటు ఎలక్ట్రీషియన్ జనరేటర్ తీగలను తీసుకెళ్ళి నేరుగా మీటరు బోర్డులో, మెయిన్‌కు పై భాగాన కలిపాడు. మెయిన్ వేసి జనరేటర్ నడపగానే హాలులో ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగాయి. దానితోపాటే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకీ పోయింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దిక్కులు తెలియవు. ఇటు నుంచి ఇస్తే తగ్గిస్తుంది, అటు నుంచి ఇస్తే పెంచుతుంది. ఇంటి కరెంటు పదకొండు వేల వోల్టులై గేటు వైపు వచ్చింది. రాడ్లు దాన్ని భూమిలోకి దింపేశాయి, ఆ భారం మోయలేక జనరేటర్ ఆగిపోయింది.

పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చాడు. పక్క మండలంలో వ్యవసాయం చేసుకునే మనిషి. స్తంభం మీద మనిషి ఉన్నాడని శ్రీనివాస్ చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది.

"ముసలోళ్ళు గాలాడక తల్లడిల్లుతుంటే పెట్టుమన్న మేడం. మా కరెంటు మళ్ల స్తంభంకెక్కుతదని మాకెట్ల ఎరుక?"

జనరేటర్ తీగలు విప్పించి, మెయిన్‌కు సీలు వేయించాను. నిబంధన ప్రకారం ఎలక్ట్రీషియన్ మీద, హాలు యజమాని మీద రిపోర్టు రాశాను. పెళ్ళి మాత్రం ఫ్యాన్లు లేకుండానే జరిగింది. ఆ తండ్రి తరువాత గేటు దగ్గరకు వచ్చి, జలీల్ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. జలీల్ అప్పటికి కిందికి దిగి, గది గోడకు ఆనుకుని కూర్చున్నారు. మోచేయి గీరుకుపోవడం తప్ప దెబ్బలేమీ లేవు. దవాఖానకు పోదామంటే వినలేదు. నీళ్ళు తాగమని అందరూ బతిమాలినా తాగలేదు. పెళ్ళికూతురి తండ్రితో, "పోండ్రి, బిడ్డ పెండ్లి చూస్కోండ్రి," అని మాత్రం అన్నారు.

ఇలాంటి సంఘటన జరిగాక కారణం తేలి, లైనంతా మళ్ళీ పరీక్షించేదాకా పని చేయకూడదు. ఆలోగా బ్లాక్ ముగిసింది. మూడో తీగను భద్రంగా బిగించి, రైళ్ళకు దారి వదిలాం. ఒక్క తీగ కోసం రిగ్గు రాక ఆగిపోయింది. కొన్నాళ్ళకు నాకు మెమో వచ్చింది. బ్లాకును ఎందుకు సద్వినియోగం చేయలేకపోయారో తెలపమని అందులో ఉంది. జలీల్ ప్రస్తావన అందులో లేదు. మెమోలు అలాగే ఉంటాయి.

డీఈ గారి గదిలో విచారణ జరిగింది. శ్రీనివాస్ నిజాయితీ గల కుర్రాడు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ముప్పావుగంట ఆగి ఉండకపోతే పని పన్నెండుకల్లా ముగిసి, హాలుకు కరెంటు వచ్చేదనీ, జనరేటర్ తెచ్చేవాళ్ళే కాదనీ అన్నాడు. చెప్పి నా వైపు తిరిగాడు.

"మీదే తప్పని అంటలేను మేడం. జరిగింది చెప్తున్న."

"నిజమే శ్రీనివాస్. నువ్వు చెప్పింది రాయించు," అన్నాను.

డీఈ గారు ఇద్దరి మాటలూ రాసుకుని, కారణం అనధికార జనరేటర్ అని తేల్చారు. నా మీద చర్య ఏమీ లేదు. మెచ్చుకోలూ లేదు. జిల్లాలోని ఫంక్షన్ హాళ్ళన్నిటికీ మార్పు స్విచ్చులు తనిఖీ చేయమని ఉత్తర్వు వెళ్ళింది. ఆ తనిఖీ నేనున్నన్నాళ్ళూ జరిగింది.

వానలు మొదలయ్యాక రెండో బ్లాక్ దొరికింది. జలీల్‌ను ఈసారి పంపకూడదనుకున్నాను. ఆయనే వచ్చారు. ఎక్కే ముందు రెండు వైపులా ఉన్న ఆరు క్లాంపులనూ ఒక్కొక్కటిగా పట్టి లాగి చూశారు. మిగిలిన తీగ కొద్దిసేపట్లో దిగింది. మరుసటి వారం రిగ్గు వచ్చింది.

నేను రిటైరయ్యాక శిక్షణ తరగతులలో ఒకటి రెండుసార్లు ఈ సంగతి చెప్పాను. రాడ్లు మనిషిని కాపాడాయని వినేవాళ్ళు సంతోషిస్తారు. శ్రీనివాస్ అన్న మాట కూడా చెబితే తికమకపడతారు. ఆగడం వల్ల ప్రమాదం వచ్చిందా, ఆగడం వల్ల తప్పిందా అని అడుగుతారు. రెండూ నిజమే. ఆ పొద్దున నాకు జనరేటర్ గురించి తెలియదు, విరిగిన క్లాంపు గురించి మాత్రమే తెలుసు. తెలిసినదాన్ని సరిచేయకుండా మనిషిని పైకి పంపకూడదు. తరువాత ఏం జరిగినా, ఏమీ జరగకపోయినా, ఆ నిర్ణయం అదే.