మూడో ఆదివారం

రాయడం ఎలాగో ఊరి పిల్లలందరికీ నేర్పే మనిషి, తనకు కావలసిన ఒక్క వాక్యాన్ని ఎన్నేళ్లు రాయకుండా ఉండగలదు?

శారమ్మ పదకొండేళ్లు ఉండగలిగింది. రుద్రూర్ దాటాక చెరకు తోటల నడుమ ఉన్న ఒక హైస్కూల్లో ఆమె తెలుగు టీచరు. బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. పదో తరగతి పిల్లలు గైడులోని వ్యాసాన్ని అప్పజెబితే ఒప్పుకునేది కాదు. ముందు తలపోయాలి. తోచింది తోచినట్టు చిత్తు రాయాలి. దాన్ని పక్కవారు పైకి చదవాలి. వినేవారికి ఎక్కడ అనుమానం వస్తే అక్కడ రాసినవారు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు రాతలోకి రావాలి, అక్కరలేనిది పోవాలి. అప్పుడే సాపు. పిల్లలతో పాటు తానూ నల్లబల్ల మీద రాయడం ఆమె పద్ధతి. అయితే ఆమె రాత మాత్రం ఏనాడూ చిత్తు దాటలేదు. గంట కొట్టగానే తుడిచేసేది.

ఆమె పెళ్లీ అలాగే సగంలో ఆగింది. బోధన్ మెథడిస్టు సంఘంలో పెళ్లి కుదిరితే వరుసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవారు చెప్పుకోవచ్చునని. నిజాంసాగర్ కాలువ మీద తూములు ఎత్తి దించే లష్కర్ పేతురుకూ శారమ్మకూ పెళ్లి అని ఎనభయ్యారులో రెండు ఆదివారాలు చదివారు. ఎవరూ నోరు మెదపలేదు. మూడో ఆదివారానికి ముందు శారమ్మే పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి ఆపమంది. తండ్రి లేని ఇల్లు, తమ్ముడు జీవరాజు నిజామాబాదులో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడు గట్టెక్కేదాకా ఆగుదామంది. పేతురు సరేనన్నాడు. జీవరాజు గట్టెక్కాడు, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు బడికి పోతున్నారు. ఆపింది తానే కనుక ఆమె నోరు విప్పాలని అతడు, ఆగుతానన్నది అతడే కనుక అతడే అడగాలని ఆమె. ఏ చట్టం, ఏ పెద్దమనిషి అడ్డురాలేదు. ప్రతి ఆదివారం ఆమె ముందు బల్ల మీద, అతడు వెనక బల్ల మీద కూర్చునేవారు. పాట అందుకున్నప్పుడు వెనక నుంచి వచ్చే ఆ బొంగురు గొంతును ఆమె మిగతా గొంతుల్లోంచి ఏరుకుని వినేది.

పదకొండో ఏడు వానాకాలంలో అయ్యగారు ఆరాధన ముగిశాక మాటవరసకు అన్నారు: "పేతురు మెదక్ దిక్కు బదిలీ అడిగిండమ్మా. వచ్చే ఆదివారం అక్కడి సంఘానికి సభ్యత్వ కాగితం ఇయ్యాలె."

శారమ్మ తలూపి ఇంటికి వచ్చింది. మర్నాడు తరగతిలో ఇచ్చిన విషయం, 'నేను చూసిన వాన'. నల్లబల్ల మీద ఆమె రాసింది: నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. నురగ ఆకాశానికి లేచింది. వాన ముంచెత్తింది. నల్ల గొడుగు నా మీదే ఉంది. నేను తడవలేదు.

పైకి చదివే వంతు గంగామణిది. చదివి ఆగింది. "గొడుగున్నది టీచర్. పట్టుకున్న మనిషేడి?"

"గాలికి నిలవడ్డదేమో!" అన్నాడు వెనక నుంచి పోశన్న.

"నువ్వు నోర్ముయ్‌రా, గైడు పోశన్నా!" గంగామణి మళ్లీ నల్లబల్ల వైపు తిరిగింది. "మేమైతే జవాబు చెప్పాలె. మీరేమో ఎప్పుడు సూసినా చిత్తు కాడ్నే ఆపుతరు. గంట కొట్టంగనే తుడుస్తరు. గిదేం న్యాయం టీచర్?"

తరగతి గొల్లుమంది. గంట కొట్టింది. శారమ్మ చేతిలో డస్టరు ఉంది. గొడుగు పట్టిన పేతురు ఆనాడు తాను నిలువునా తడిసి, జ్వరం తెచ్చుకున్నాడు. ఆమె డస్టరు బల్ల మీద పెట్టి, రాతను అలాగే వదిలి బయటికి నడిచింది.

బస్సు ఎక్కలేదు. చెరకు మధ్య కాలువ గట్టు పట్టుకుని తూము దాకా పోయింది. పేతురు తూము ఎత్తే మరకు నూనె పోస్తున్నాడు.

"ఏం టీచరమ్మా, తొవ్వ తప్పినవా?"

"తప్పి పదకొండేండ్లాయె. ఇయ్యాల సక్కగనే వచ్చిన. మెదక్ పోకు."

అతడు నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడవడం ఎంతకీ కాలేదు. "మీ తమ్ముని సదువు అయిపోయిందా?"

"వాని బిడ్డ రెండో తరగతి."

పేతురు గుడ్డను తూము మర మీద వేశాడు. "నేనే అడగాలె అనుకున్న. ఏడాది ఏడాది అనుకున్న. నువ్వు ముందు బల్ల కెల్లి ఒక్కసారన్నా ఎనక్కి మర్రి సూడకపోతివి."

"సూస్తే ఏడుస్తనని."

కాలువ నీరు తూములోంచి చెరకు మడులకు మళ్లుతోంది. అతడే మళ్లీ అన్నాడు: "మిగిలింది ఒక్క ప్రకటనే గద. గదొక్కటి సదివిపిస్తే అయిపాయె."

ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పటి శారమ్మ ఇంటివాళ్లు కుదిర్చారని ఒప్పుకుంది, ఇంటి కోసమే ఆగింది. ఆ ప్రకటనలో ఆమె కోరిక లేనే లేదు. పాత రాత కొసకు ఒక వాక్యం అతికిస్తే సాపు కాదని పిల్లలకు చెప్పే మనిషి, తనకొక వేరే న్యాయం పెట్టుకోదలచలేదు.

ఆదివారం తెల్లవారాక, గుడి గంట కొట్టకముందే శారమ్మ పాస్టరు బంగ్లా మెట్లు ఎక్కింది. పేతురు కాగితం ఆపమంది. మూడోది వద్దు, మొదటి ప్రకటన నుంచే మళ్లీ చదవమంది. ఆ పూట వెనక బల్ల మీద, పేతురు పక్కన కూర్చుంది.