చప్పట్లకు లేచే చెయ్యి

రంజని మేడం డిజిటల్ డిజైన్ కోర్సు మొదలయ్యేది కంప్యూటర్ ముందు కాదు, కాలేజీ వరండాలో. రాబర్ట్‌సన్‌పేట నుంచి కోలారు బస్సులో వచ్చి, పిల్లలందరినీ వరసగా నిలబెడుతుంది. నియమం ఒకటే. ఎడమ చివరనున్నవాళ్లు ముందే చెయ్యెత్తి ఉంటారు; మిగతా ప్రతి ఒక్కరూ చప్పట్లకు ముందు తమ ఎడమ పక్కనున్నవాళ్లు చెయ్యెత్తి ఉన్నారో లేదో చూసుకోవాలి, చప్పట్లు వినగానే తామూ అలాగే చెయ్యాలి. అలా చప్పట్లు కొట్టిన ప్రతిసారీ కొత్తగా ఒక్క చెయ్యే లేవాలి. కంప్యూటర్ చిప్పు లోపలి గడియారం దెబ్బ దెబ్బకూ ఒక్కో అడుగు నడిచేదీ ఇలాగేనంటుంది.

ఈ ఏడాది బంగారుపేట కిరాణా అంగడివాళ్ల గగన్ ఆగలేకపోయాడు. చప్పట్లకు పక్కవాడు చెయ్యెత్తడం చూసి వెంటనే తనూ ఎత్తేశాడు. అతన్ని చూసి మిగతా వరసంతా ఎత్తేసింది. ఒకటే నవ్వులు.

"నవ్వొద్దండప్పా. ఇంగ నెల తిరక్కముందే మీరంతా ప్రోగ్రాములో ఈ తప్పే చేస్తారు, చూస్తా ఉండండి," అని గదమాయించింది మేడం.

నెల తిరిగింది. ల్యాబులో మేడం తాను రాసిన ప్రోగ్రామునే వరసగా చిన్న దీపాలున్న సర్క్యూట్ బోర్డులోకి ఎక్కించి చూపించింది. ఒకదాని తర్వాత ఒకటి వెలగాల్సిన దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పొద్దున బస్సు కుదుపుల్లో దాన్ని హడావిడిగా దిద్దిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

"మేడం, దీంట్లో కూడా నా మాదిరి తొందరపడినోడు ఒకడుండాడు," అన్నాడు గగన్ మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. రంజని ల్యాప్‌టాప్ మూసేసి అందరినీ వరండాలోకి తీసుకెళ్లింది. ఈసారి వరసలో తానే నిలబడింది.

"చప్పట్లు నువ్వు కొట్టు గగన్. నేనెప్పుడు చెయ్యెత్తుతానో అందరూ బాగా చూడండి."