తల్లుల పేర్లు అడిగిన అవ్వ

పోయిన శుక్రవారం తమ్ముడు జిద్దా నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వ పోయింది. టీలో చక్కెర చాల్లేదని తిట్టి, మళ్లీ తెమ్మనిందంట. తెచ్చేలోపల కన్ను మూసింది" అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. ఆమె పోయే తీరు అదే మరి.

ఆమె మా సొంత అవ్వ కాదు. జిద్దాలోని షరఫియా పేటలో మేమున్న మేడలో, మా ఎదుటి వాటాలో ఉండే సోమాలీ ముసలామె. తమ దేశంలో యుద్ధం వచ్చినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని జిద్దా చేరిందట. మేము కడప జిల్లా ముసల్మానులం, ఇంట్లో తెలుగే; నేను కొత్తగా కాపురానికి వెళ్లాను. అరబీ ముక్క రాదు. మా ఆయన డ్రైవరు, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు. ఒకనాడు అవ్వ తలుపు తట్టి, అడక్కుండానే ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసి, వాళ్లింటి అన్నం నా ముందు పెట్టింది. మాంసం అన్నంలో అరటిపండు! నేను బిత్తరపోతే ఆమె పగలబడి నవ్వింది. మరునాడు నేను పెరుగన్నంలో అరటిపండు పిసికి పెట్టాను. తిని, "మీరూ మనుషులే" అని ఒప్పుకుంది; ఆ అరబీ మాటకు అర్థం రాత్రి మా ఆయన చెప్పాడు. ఆ తరువాత నేను ఆమె దగ్గర అరబీ నేర్చుకున్నాను; ఆమె నా దగ్గర నేర్చుకున్న మొదటి తెలుగు మాట "తిన్యావా?" రోజూ వరండా అదిరేలా అరిచేది.

కింది వాటా ఇథియోపియా ఆమెతో, తమ రెండు దేశాల పాత యుద్ధాల గురించి అవ్వ మెట్ల మీదే పోట్లాడేది. ఆమెకు కాన్పయితే పులుసు కాచి మోసుకుపోయిందీ ఈమే. అదేమిటని అడిగితే, "పోట్లాట దేశాలది, పులుసు ఆడవాళ్లది" అంది.

మా తమ్ముడూ జిద్దాలోనే ఏసీ మెకానిక్. అవ్వ ఇంట్లో ఏసీ బాగుచేయడానికి ఒకసారి వెళ్లినవాడు వారం వారం వెళ్లసాగాడు. ఆ ఏసీకి అన్ని రోగాలు లేవు. ఇంట్లో తండ్రి లేని మనవరాలు ఉంది, ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ పెళ్లి చేసుకుంటామన్నారు.

ఆ రోజు నుంచి అవ్వ తలుపు మూసుకుంది. "తిన్యావా" లేదు. ఊళ్లో మా అమ్మ ఫోనులో, "ఆ నల్లపిల్ల తప్ప నీ తమ్మునికి ఇంగెవరూ దొరకలేదా?" అని ఏడ్చింది. రెండు వైపులా గోడే.

ఆ గోడను పగలగొట్టింది మనవరాలే. "చిన్నాన్న ఫిలిప్పీన్స్ ఆమెను చేసుకున్నప్పుడు నువ్వే కదా డప్పు కొట్టి పాడావు? నాకెందుకు పాడవు?" అని అడిగిందట. అవ్వ రెండు రోజులు ఆలోచించి మా తలుపు తట్టింది. "నిజమే. మా మగపిల్లాడు బయటి పిల్లను తెస్తే పండగ, మా ఆడపిల్ల బయటికి పోతే చావు. మీవాణ్ణి రమ్మను" అంది.

పిల్ల తరఫున ఒప్పుకోవలసింది అవ్వ పెద్దకొడుకు. ఆయన మా తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, "మీ తెగ ఏది? తాతముత్తాతల పేర్లు చెప్పు" అన్నాడు. తమ్ముడు పనిలో నేర్చిన అరబీలో నాన్న పేరు, తాత పేరు చెప్పి ఆగిపోయాడు.

"అంతేనా?" అన్నాడు పెద్దకొడుకు.

అవ్వ అందుకుంది. "నువ్వు ఇరవై తరాలు గడగడా చెబుతావు. అందులో ఒక్క ఆడదాని పేరుందా? మగవాళ్లే మగవాళ్లను కన్నారా?" అని, తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పబ్బా, నీ తల్లి ఎవరు? ఆమె తల్లి ఎవరు?"

మావాడు పెరిగింది అమ్మమ్మ ఒడిలో. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, ఆమెను కన్నతల్లి పేరు చెప్పాడు. మొగుడు పోయాక ఆ ముసలమ్మ దూది ఏకి, పరుపులు కుట్టి పిల్లలను సాకిందనీ చెప్పాడు.

"ఆడవాళ్లను మరిచిపోని ఇల్లు. నాకు చాలు" అంది అవ్వ.

"మనవాళ్లు ఏమంటారమ్మా?" అన్నాడు కొడుకు.

"పెళ్లికి వస్తారు, మేకమాంసం తింటారు, ఇంటికి పోయి తిడతారు. ముందు తిననీ."

ఆయన తల పట్టుకుని నవ్వేశాడు. సరేనన్నాడు.

అమ్మ మక్కాకు ఉమ్రా యాత్రకని వచ్చి, ఆ పెళ్లికీ ఉంది. పట్టుచీర కట్టుకుని, ముఖం మాడ్చుకుని ఆడవాళ్ల గదిలో ఒక మూల కూర్చుంది. సోమాలీ ఆడవాళ్లు పెళ్లిలో అప్పటికప్పుడు పాట కట్టి, డప్పుకు అడుగేస్తూ పాడతారు. అవ్వ లేచి, సరాసరి మా అమ్మ ముందుకొచ్చి పాడింది. పెళ్లికూతురు నాకు అరబీలో చెబితే, నేను అమ్మకు తెలుగులో చెప్పాను:

"సముద్రం దాటి వచ్చిన వియ్యపురాలా, కొడుకునే నాకిచ్చావు. అలకను మాత్రం ఎందుకు దాచుకున్నావు? అదీ ఇటివ్వు."

"ఇదేందే, ఈ ముసల్ది నన్నే అంటాంది!" అంటూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వు. అవ్వ ఆమె చెయ్యి పట్టి గుంపులోకి లాగింది. అమ్మకు అడుగు కలవలేదు. కాలి చెప్పు ఒకటి ఊడి ఎవరి కాళ్ల మధ్యకో జారిపోయింది. అమ్మ దానికోసం వంగలేదు. ఒంటి చెప్పుతోనే, అవ్వ చెయ్యి వదలకుండా, గిరగిరా తిరుగుతూనే ఉంది.