ఫ్యాను కింది మంచం

మా వార్డులో మంచాలకు నంబర్లున్నాయి గానీ, ఎండాకాలంలో మనుషులు ఫ్యానును బట్టి నడుచుకుంటారు. ఫ్యాను కింది మంచమాయన ఎక్స్‌రేకు పోతే చాలు, పక్కాయన దిండు చంకలో పెట్టుకుని అందులోకి జరుగుతాడు. కర్నూలులో నర్సింగు చెప్పే నాకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. అయినా నా దగ్గర నేర్చుకునే పిల్లలతో "పన్నెండో నంబరుకు మాత్ర ఇచ్చిరా" అనడమే అలవాటు.

ఆ రోజు రెండో సంవత్సరం అమ్మాయి, బద్వేలు పిల్ల, నా ముందుకొచ్చి నిలబడింది.

"సార్, పన్నెండో నంబరు బీపీ మాత్ర వేరే ఆయనకిచ్చినా. ఆ మంచంలోనే, ఫ్యాను కింద పండుకోనుండాడు. పేరు అడగలే."

డాక్టరుకు చెప్పాం. అరగంటకోసారి బీపీ చూడమన్నారు. నేను పది నిమిషాలకోసారి చూశాను. మధ్యలో అడుగులతో వరండా కొలిచాను. మాత్ర మింగినాయన బనగానపల్లె మామిడితోట పెద్దాయన. జరిగింది చెప్తే తిట్టలేదు. అయిదోసారి చేతికి పట్టీ చుట్టబోతే మాత్రం అన్నాడు:

"నాకేం గాలేదప్పా. నువ్వే చూపించుకో, శానా చెమటలు పోస్తాండాయి."

మాత్ర తారుమారైతే విద్యార్థిని ఇంటికి పంపడం మా కాలేజీ పద్ధతి. హాజరు తగ్గి ఏడాది పోతుంది. రిపోర్టు రాయాల్సింది నేను. ఆ పిల్ల వదిలెయ్యమని అడగలేదు. అడిగుంటే కోప్పడే వీలుండేది.

కడపలో చదువుకునేటప్పుడు నేనూ ఇలాంటిదొకటి చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఏడాది పోలేదు సరికదా, మంచి మార్కులొచ్చాయి.

కారణం అన్నచోట "విద్యార్థిని అజాగ్రత్త" అని రాసి కొట్టేశాను. మళ్ళీ వరండా. చివరికి, "పేరు అడగలేదు. నంబరు చూసి ఇవ్వడం నేర్పింది నేనే. తప్పు తానే వచ్చి చెప్పింది" అని రాసి సంతకం పెట్టాను.

ప్రిన్సిపాల్ మేడం చదివి అద్దాలు తీశారు. "అయితే మిమ్మల్ని గూడా ఇంటికి పంపల్లా?"

ఇంట్లో కూలరుందని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె అద్దాలు మళ్ళీ పెట్టుకుని తీర్పు చెప్పారు: అమ్మాయి ఉంటుంది. రెండు వారాలు ప్రతి మాత్రా నా ఎదుట, పేరు అడిగి ఇవ్వాలి.

మరునాడు పొద్దున ఇద్దరం పెద్దాయన ముందు నిలబడ్డాం. ఆయన చెయ్యి చాచాడు. ఆ పిల్ల మాత్ర ఇవ్వలేదు.

"పేరు చెప్పు తాతా."

"నిన్న పొద్దుగూకులూ నా కాడే ఉంటిరి గదమ్మా, అప్పుడే మర్సిపోతిరా?"

"చెప్తేనే మాత్ర."

నవ్వుతూ చెప్పాడు. నేను పక్కనే ఉన్న పెద్దాయన సొంత మంచం వైపు చూశాను. దిండు లేదు.