వదిన చల్లబరిచిన కార్డు

"మీ వదిన పోయింది" అని అన్న ఫోను చేశాడు. గుండె జబ్బని తెలిసిందే, అయినా ఇంత తొందరగా పోతుందని అనుకోలేదు. నేను కర్దనూర్‌లో అన్నవాళ్లింటికి చేరేసరికి వాకిట్లో మా చుట్టాల మధ్య ఒక ఒడియా మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అందరికంటే ముందే వచ్చాడట. అతనెవరో చెప్తే మా వదిన ఎటువంటి మనిషో మీకు తెలుస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో అన్నావదినలు పటాన్‌చెరులో కంప్యూటర్ ఆటల దుకాణం పెట్టారు. అన్న ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతే దుకాణమంతా వదినదే. సెలవు దొరికితే పాశమైలారం ఫ్యాక్టరీల నుంచి కార్మికులు వచ్చి కార్ల పందేలు ఆడేవారు. అందరికీ మూలనున్న కంప్యూటరే కావాలి. తెర మీద బొమ్మల్ని ఆగకుండా నడిపించే మంచి గ్రాఫిక్స్ కార్డు దానికొక్కదానికే ఉంది మరి.

ఎండాకాలంలో ఆ కార్డు కాగిపోయేది. తెర మీద ఆకుపచ్చ గీతలు పడి ఆట ఆగిపోయేది. మా దగ్గర లేచేది ఉత్త దుమ్ము కాదు, జిడ్డు దుమ్ము. కార్డు మీది చిన్న ఫ్యానుకు పట్టుకుందంటే ఊదితే పోదు. కంప్యూటర్లు అమ్మినతని దగ్గర చూసి వదిన ఆ పని నేర్చుకుంది. కొంగు నడుముకు దోపి, గాజులు మోచేతి దాకా ఎగదోసి, కార్డు ఊడదీసి పెయింటు బ్రష్షుతో దులిపేది. ఫ్యాను కింద వేడిని లాగే లోహపు దిమ్మె తీసి, చిప్పు మీద ఎండిపోయిన పాత పేస్టు తుడిచి, ఆవగింజంత కొత్తది పెట్టేది. ఆడేవాళ్లు కార్డు వేగం పెంచమంటే ఆమె ఇంకాస్త తగ్గించేది. "ఉరికిచ్చుడు అందరికీ వస్తది. సల్లగుంచుడు నేర్వాలె" అనేది.

మనుషులతోనూ అంతే. నేను డిగ్రీ పరీక్ష తప్పి వచ్చిన రోజు ఒక్క ప్రశ్న అడగలేదు. ముందు అన్నం పెట్టింది.

ఆ ఒడియా అతను అప్పటికి పడుచువాడు. ఫ్యాక్టరీ మిషన్‌లో నలిగి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. గాయం మానినా మళ్లీ ఎవరూ పనిలోకి పిలవలేదు. రోజూ దుకాణానికి వచ్చి, చెయ్యి జేబులో పెట్టుకుని ఇతరుల ఆట చూసేవాడు.

ఒక మధ్యాహ్నం వదిన అడిగింది, "ఊరికి పోవా తమ్మీ?"

"పోయి అమ్మకు ఈ చెయ్యి ఎట్ల చూపియ్యాలె భాభీ?"

వదిన బ్రష్షు తెచ్చి అతనికిచ్చింది. మర్నాటి నుంచి చెడిపోయిన పాత కార్డుల మీద పని నేర్పింది. స్క్రూ పట్టుకోబోతే జారిపోయేది. ఒకసారి విసిగి స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు.

"ఈ చెయ్యితోని కాదు భాభీ."

"నా చెయ్యి మంచిగనే ఉన్నది, నాకు గూడ ఒక్కపారికే రాలే. జెరసేపు ఆగి మల్ల పట్టు."

ఎండలు ముదిరాక మూలనున్న కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. వదిన ఆ కార్డును తీసుకొచ్చి అతని ముందు పెట్టింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. అన్న పరేషానయ్యాడు.

"గా కార్డు ఖరాబైతే దుకానంల ఇంకేమున్నది?"

"ఖరాబైతే ఇంకోటి తెచ్చుకుంటం. గీ పిలగాడు గిట్లనే ఊరికి పోతే, జిందగీల మల్ల ఏ పని ముట్టడు."

అన్న టేబుల్ ఫ్యాను అతని వైపు తిప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు.

అతను ఆ తర్వాత ఊరికి వెళ్లి తల్లికి చెయ్యి చూపించి వచ్చాడు. ఇప్పుడు పాశమైలారంలో సొంత రిపేరు దుకాణం నడుపుతున్నాడు. వదినకు ఒంట్లో బాగుండని ఈ చివరి నెలల్లో ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది ఎక్కువగా అతనే.

ఆమె పేరు తలుచుకుంటే నాకు ఆ కార్డు అతని ముందు పెట్టిన మధ్యాహ్నమే గుర్తొస్తుంది. "నేను సూస్తుంటే నీకు పని మీద ధ్యాస ఉండది" అని వదిన గడప దగ్గరికి వెళ్లి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. అతను స్క్రూలన్నీ బిగించి, కార్డు పెట్టి స్విచ్ వేశాడు. ఫ్యాను గరగరమని, తర్వాత సాఫీగా తిరిగింది. తెర మీద గీతల్లేవు. "భాభీ" అని పిలిచాడు. వదిన లారీలు పోతున్న ఆ ఎండ రోడ్డు వైపే చూస్తూ ముందు కొంగుతో కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాతే ఇటు తిరిగింది.