శుభ్రమైన గాలి గదిలో సాంబ్రాణి

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, అది జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. వచ్చాక సిగ్గు అడ్డం వచ్చింది. ఒక పెద్ద పరిశోధనను రోజుకో అగ్గిపుల్లతో ముంచిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, చూడండి.

యాకుత్‌పురా నుంచి నేనూ, పక్క గల్లీ షహనాజూ ఒకే ఆటోలో ప్రయోగశాలకు వెళ్లేవాళ్లం. పని ఎలుకలను సాకడం. ఆమె గదిలోని ఎలుకలకు రోడ్డు దుమ్ము కలిపిన గాలి, నా గదిలోని వాటికి వడగట్టిన శుభ్రమైన గాలి. దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో రెండింటినీ పోల్చి చూస్తారట.

ఆ పరిశోధన చేసే మేడం మాత్రం ఎప్పుడూ షహనాజ్ గదిలోనే. "షహనాజ్, ఇది ఎగపోస్తుందా? రాసుకో." షహనాజ్ పదో తరగతి పాస్. పెన్ను చెవి మీద పెట్టుకుని కలెక్టరమ్మలా తిరిగేది. నా గదిలోకి మేడం తల ఒక్కటే వచ్చేది. "అన్నీ బాగున్నాయి కదా యాదమ్మా" అని అదీ వెళ్లిపోయేది. బాగుండటం నా ఎలుకల తప్పా?

"ఏంది యాదక్కా, మొహం గట్ల పెట్టినవ్?" అంది ఆటోలో షహనాజ్.

"నీ ఎలుకలకేమో మస్తు మర్యాద. నావి దిక్కులేనివా?"

"అరే, నావి బీమార్ అక్కా! నీవి మంచిగున్నయ్, ఖుష్ ఉండు."

ఉంటానా? నా ఎలుకల ఊపిరి చూసి మేడం కుర్చీ తెచ్చుకుని నా గదిలోనే కూర్చోవాలి! నా ముగ్గురు పిల్లలకూ తలంటి సాంబ్రాణి పొగ పట్టి పెంచాను. ఒక్కరికీ జలుబు రాలేదు. (పెద్దవాడికి వచ్చింది, వాడి సంగతి వదిలేయండి.) రోజూ సాయంత్రం షహనాజ్ బురఖా తొడుక్కునే లోపు, టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చిన సాంబ్రాణి కప్పు వెలిగించి పంజరం పంజరానికీ పొగ చూపించాను. ఎలుకలు తుమ్మాయి. దిష్టి పోతోందనుకున్నాను. తెల్లారేసరికి వాసన ఉండేది కాదు.

ఊపిరి కొలిచే రోజు ఎలుకలను ఒక్కొక్కటిగా గాజు డబ్బాలో పెట్టారు. షహనాజ్ ఎలుకల కంటే నావే ఎక్కువ ఎగపోస్తున్నాయి.

"పంజరాలు మార్చేశావా షహనాజ్?" మేడం గొంతు పెరిగింది. "నిజం చెప్పు. లేకపోతే రేపటి నుంచి రావద్దు."

"అల్లా కసమ్ మేడం, నేను ముట్టలే!"

నోరు మూసుకుంటే చాలు, మేడం ఇక నాదే. కానీ షహనాజ్ కళ్లలో నీళ్లు. ఆటోలో దుమ్ము తగలకుండా రోజూ లోపలి సీటు నాకే వదిలే పిల్ల.

"మేడం, పొగ నేనే పట్టిన."

"ఏం పొగ?"

"సాంబ్రాణి. శుభ్రమైన గాలి ఇంకింత శుభ్రమైతదని."

మేడం కుర్చీ తెచ్చుకుని నా గదిలోనే కూర్చుంది, తల పట్టుకుని. "పొగలో ఉండేవీ దుమ్ములాంటి నలుసులే యాదమ్మా! ఇప్పుడు నా దగ్గర శుభ్రమైన ఎలుక ఒక్కటీ లేదు. 'పొగ నిషేధం' అని తలుపు మీద అంత పెద్దగా రాసి ఉంది, చదవలేదా?"

"చదువు రాదు మేడం."

"వచ్చేదాకా ఈ గదిలో అడుగు పెట్టకు."

తిరుగు ఆటోలో షహనాజ్ కళ్లు తుడుచుకుని అంది: "పాగల్ అక్కా, నా మీద జలన్‌తో కుళ్లుకుంటే పొగ నాకు పెట్టాలె గానీ, పాపం ఎలుకలకెందుకు?"

అక్కడే, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడుతూ ఒట్టు పెట్టుకున్నాను: తోక ఉన్న ఏ ప్రాణికీ ఇక సాంబ్రాణి చూపించను, పక్కవాళ్ల జబ్బు ఎలుకలను చూసి ఏడవను.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వెళ్లి, షహనాజ్‌ను ఆ తలుపు ముందు నిలబెట్టి, దాని మీద రాసిన మొదటి అక్షరంపై వేలు పెట్టాను.

"ఇదేందో చెప్పు."

"పొ," అంది షహనాజ్.